విరిచిన చేత్తోనే వంట

మా కింది వాటాలో ఉండే, అందరూ పెద్ద కత్తి అని పిలిచే మనిషి ఒక్క గుద్దుతో తన తమ్ముడి దవడ విరగ్గొట్టినప్పుడు, నేను పైన వంటింట్లో మా పాప నోట్లో చెంచా పెడుతున్నాను. ముందు కత్తిని మొద్దు మీద అడ్డంగా పడేసిన చప్పుడు వినబడింది. వెంటనే ఎండు కట్టె విరిగినట్టు ఇంకో చప్పుడు. ఆ వెనకే వాళ్ళ అమ్మ కేక.

మొదటి చప్పుడు సంగతి ముందు చెప్పాలి. వాళ్ళది మాంసం కొట్టు. ముందు గది కొట్టు, వెనక గదులు ఇల్లు. ఆ అన్నదమ్ముల్ని వీధిలో ఎవరూ అసలు పేర్లతో పిలవరు. అన్న పెద్ద కత్తి, తమ్ముడు చిన్న కత్తి. వాళ్ళ నాన్న ముక్కు మీద కోపం ఉన్న మనిషి. కొడుకుల్ని తాడుతో కొట్టాడు, తోలు పట్టీతో కొట్టాడు, ఏదీ దొరక్కపోతే చేతికందిన ఎముకతో కొట్టాడు. పెద్ద కత్తి ఎడమ చెవి వెనక చర్మం ముడతపడి ఉంటుంది. మాంసం వేలాడదీసే కొక్కెం ఆయన విసిరితే తగిలిన చోటు అది. అలాంటి మనిషి కూడా ఇంట్లో ఒక్క కట్టుబాటు పెట్టాడు. చేతిలో కత్తి ఉండగా కోపం వస్తే ముందు కత్తి మొద్దు మీద పెట్టాలి, ఆ తర్వాతే చెయ్యెత్తాలి. ఆయన పోయాక కూడా ఆ కట్టుబాటు పోలేదు. అందుకే, నరుకుతున్న చప్పుడు మధ్యలో ఆగి కత్తి అడ్డంగా పడిందంటే, కింద ఎవరికో మూడిందని మా మేడలో అందరికీ తెలుసు.

ఆ రోజు గొడవ కూడా కత్తి గురించే. నాన్న వాడిన కత్తి. ఏళ్ళ తరబడి రాయి మీద నూరీ నూరీ ఆకులా పలచబడింది. పెద్ద కత్తి దాన్ని ఎవరినీ ముట్టనివ్వడు. చిన్న కత్తి కొత్తగా కరెంటు సాన కొన్నాడు. అన్న స్నానానికి వెళ్ళిన సమయం చూసి, ఆ కత్తిని దాని మీద పెట్టాడు. ఉక్కు మితిమీరి వేడెక్కితే నీలం రంగుకు తిరుగుతుంది, మెత్తబడుతుంది, ఇక అంచు నిలవదు. అన్న వచ్చేసరికి కత్తి అంచు పొడుగునా నెమలి మెడలా మెరుస్తోంది.

"ఏం చేశావురా?"

"సాన పట్టా. నీలా పొద్దస్తమానం రాయి మీద రుద్దుకుంటూ కూర్చోడానికి నాకు వేరే పన్లేదా?"

"నీలం తిరిగిపోయిందిరా. నాన్న కత్తిని చంపేశావు కదరా."

"నాన్నే పోయాడు. కత్తి పోతే ఏమైంది?"

మాంసం కొనడానికి వచ్చిన దర్జీ చెప్పిన మాటలివి. ఆ తర్వాత జరిగింది నేను పైనుంచి విన్నదే.

దవడ రెండు చోట్ల విరిగింది. ఆస్పత్రిలో పై పళ్ళనూ కింది పళ్ళనూ కలిపి తీగతో బిగించి కట్టేశారు. తీగ తీసేదాకా నోరు తెరవకూడదు, నమలకూడదు, పలచగా చేసినదేదైనా గొట్టంతో పీల్చుకోవాలి. మెట్ల మీద పడ్డాడని పెద్ద కత్తి చెబితే, డాక్టరు అతని పిడికిలి మీది గాయం వైపు చూసి, "మెట్లకు కూడా దెబ్బ తగిలినట్టుందే," అన్నాడట. పంపించేటప్పుడు చిన్న కత్తెరలాంటి పనిముట్టు ఒకటి ఇచ్చాడు. "వాంతి వచ్చినా, ఊపిరి అందకపోయినా ఇంకేం ఆలోచించకుండా తీగలు కత్తిరించెయ్యండి. లేకపోతే మనిషి దక్కడు. ఇది ఎప్పుడూ దగ్గరే ఉండాలి."

పెద్ద కత్తి దానికి దారం కట్టి మెళ్ళో వేసుకున్నాడు.

ఇంటికి వచ్చాక వాళ్ళ అమ్మ తీర్పు చెప్పింది. ఆవిడ మనిషి బక్కపలచన, గొంతు మాత్రం నాలుగిళ్ళ అవతలికి వినబడుతుంది. "పెద్దోడా, వాడికి నేను వండను. నువ్వు విరిచిన నోరు, నువ్వే వండి పెట్టు. వాడు చిక్కిపోయాడో, నిన్ను తీసుకెళ్ళి ఆ కొక్కేనికి తగిలిస్తా."

చిన్న కత్తి మంచం మీద కూర్చుని, పాడైపోయిన నాన్న కత్తిని ఒళ్ళో పెట్టుకుని రాయి మీద నూరుతున్నాడు. తలెత్తకుండానే పళ్ళ సందుల్లోంచి మాటలు వదిలాడు. "తీగ... తీసిన... రోజు. నీ సంగతి... తేలుస్తా."

అంచు నిలవని కత్తిని రోజూ నూరుతూనే ఉన్నాడు. పైన నాకు వినబడేది. మా పాప నిద్రపోయేవేళకి ఆ గరగర మొదలయ్యేది. తలుపు గడియ వేశానా లేదా అని మళ్ళీ వెళ్ళి చూసుకునేదాన్ని. మా ఆయన నవ్వేవాడు. "వాళ్ళ పగ వాళ్ళది. మధ్యలో మన తలుపేం చేసింది?"

ఒక పొద్దున ఆ తలుపే తట్టాడు పెద్ద కత్తి. మెళ్ళో కత్తెర, చేతిలో క్యారెట్లు.

"చెల్లెమ్మా, మీ పాపకి పెడతారే, మెత్తగా ఓ ముద్ద. అదెలా చేస్తారో చెప్పండి. నాకు నరకడం తప్ప ఏం రాదు."

చూపించాను. గిన్నెలో కొంచెం నీళ్ళు, పైన చిల్లుల పళ్ళెం, నీళ్ళు పళ్ళేన్ని తాకకూడదు, తాకితే అది ఉడకబెట్టడమే, కూర రంగూ రుచీ నీళ్ళలోకి దిగిపోతాయి. ముక్కలన్నీ ఒకే పాటి ఉండాలి. గట్టివి ముందు, బీన్స్ తర్వాత, ఆకుకూర దించేముందు. మూత కింద గుడ్డ చుడితే ఆవిరి చుక్కలు మళ్ళీ ముక్కల మీద పడవు. మూత తీసేటప్పుడు మొహం పక్కకి తిప్పుకోవాలి, మరిగే నీళ్ళకంటే ఆవిరి ఎక్కువ కాలుస్తుంది. అంతా శ్రద్ధగా విన్నాడు. తర్వాత క్యారెట్ పలక మీద పెట్టి, తుంటి ఎముక కొట్టినట్టు కత్తెత్తి దబ్బున కొట్టాడు. ఒక ముక్క కిటికీకి తగిలింది, ఒకటి ఫ్రిజ్ కిందకి దొర్లింది. పాప నోట్లో పెట్టుకుంటుందేమోనన్న భయంతో ముక్కలన్నీ దొరికేదాకా నేలంతా పాకాను.

"దానికి ఎముక లేదన్నా," అన్నాను.

"చేతికి తెలియడం లేదమ్మా."

ముక్కలు ఉడుకుతుండగా పాపకి తినిపించాను. అది ఒళ్ళంతా పూసుకుని అతన్ని చూసి నవ్వింది.

"దీన్లో ఉప్పు వెయ్యరా?"

"ఈ వయసు పిల్లలకి వెయ్యకూడదన్నా. మూత్రపిండాలు తట్టుకోలేవు."

అతను పాప వైపు చాలాసేపు చూశాడు. "ఉప్పూ కారం తినే ఒళ్ళు కదా అని మా నాన్న మా ఇద్దర్నీ ఎగదోసేవాడు. వీధిలో ఎవడన్నా ఏమన్నా అని మేం ఊరుకుంటే, 'ఉప్పూ కారం తినడం లేదట్రా' అని మళ్ళీ ఆయన తన్నేవాడు. మరి ఈ పాపని చూడండి. ఉప్పు లేదు, కారం లేదు. పగ ఉందా దానికి?"

"నిన్న నా భుజం కొరికిందన్నా."

"పళ్ళొస్తున్నాయి, అది వేరు."

అతని బుర్రలో ఏం పడిందో నాకు అప్పుడు తట్టలేదు. తీగ తీసే రోజులోగా తమ్ముడి ఒంట్లోంచి ఉప్పూ కారం పూర్తిగా దించేస్తే కోపం దానంతటదే దిగిపోతుందని లెక్క వేసుకున్నాడు.

ఉప్పు లేని లోటు కనబడకుండా మిగతావన్నీ నా దగ్గర అడిగి నేర్చుకున్నాడు. కింది నీళ్ళలో అల్లం చితక్కొట్టి వేస్తే వాసన ఆవిరితో పైకి వచ్చి ముక్కలకి పడుతుంది. పుదీనా కాడలు, నిమ్మ తొక్క కూడా అంతే. వెల్లుల్లి వెన్నలో ఎర్రగా వేయించి కలపొచ్చు. వేయించిన నువ్వులు మెత్తగా నూరి వేస్తే కమ్మగా ఉంటుంది. నిమ్మరసం మాత్రం దించాకే, ముందే పిండితే పులుపుకి బీన్స్ పచ్చదనం చచ్చి ఎండాకు రంగుకి తిరుగుతాయి. అన్నీ చేశాడు. ఉడికిన ముక్కల్ని గిన్నెలో మిగిలిన నీళ్ళతోనే మెత్తగా తిప్పి, వడకట్టి, గొట్టం వేసి తమ్ముడికి ఇచ్చాడు.

చిన్న కత్తి మొదటి గుక్క పీల్చాడు. "ఉప్పేది?"

"వేశా."

"ఏదీ?"

"వేశా అంటుంటే. నీ నాలుకకే తెలియడం లేదు."

గిన్నె గోడకి తగిలి పగిలింది. వేడి వేడి క్యారెట్ రసం పెద్ద కత్తి మెడ మీద పడి బొబ్బ లేచింది. అతను తమ్ముణ్ణి మంచానికి అదిమి, మోకాలు ఛాతీ మీద పెట్టి, రెండో గిన్నెలోని గొట్టం పెదాల మధ్య దూర్చాడు. "తాగు. చిక్కిపోయావంటే అమ్మ నన్ను కొక్కేనికి తగిలిస్తుంది." తమ్ముడు కింద నుంచి కడుపులో గుద్దుతూనే తాగాడు. రోజూ ఇదే తంతు. ఒక రోజు బీట్‌రూట్ చేశాడు. ఆ పెనుగులాటలో గోడలకీ దుప్పట్లకీ చిందిన ఎరుపు చూసి పాలు పోసే ఆవిడ వీధిలోకి పరిగెత్తి, "చంపేశాడు, తమ్ముణ్ణి చంపేశాడు," అని అరిచింది. జనం వచ్చి చూస్తే అన్నదమ్ములిద్దరూ నేల మీద ఒకరి జుట్టు ఒకరు పట్టుకుని ఉన్నారు, ఇద్దరి మధ్యా గొట్టం.

కొట్లో ఎగతాళి మొదలైంది. దర్జీ వచ్చి, "ఏం పెద్ద కత్తీ, క్యారెట్లు ఎముకతోనా, ఎముక లేకుండానా?" అన్నాడు. పెద్ద కత్తి చేతిలోది మొద్దు మీద అడ్డంగా పెట్టాడు. దర్జీ సంచీ అక్కడే వదిలేసి పరిగెత్తాడు.

రోజులు గడిచేకొద్దీ చిన్న కత్తి బుగ్గలు లోపలికి పోయాయి. కళ్ళు మాత్రం ఎర్రబడుతూ వచ్చాయి. నూరుడు ఎక్కువైంది. అంచు నిలవకపోయినా ఆ కత్తి మొన మాత్రం సూదిలా తేలింది.

ఒక మధ్యాహ్నం పాపని ఎత్తుకుని మెట్లు దిగుతుంటే అతను గుమ్మంలోంచి చెయ్యూపి పిలిచాడు. ఒళ్ళో కత్తి. పాపని రెండో భుజానికి మార్చుకుని గడప బయటే ఆగాను.

"అక్కా... మీరు చదువుకున్నారు. దవడ విరిగితే... నాలుక చచ్చిపోతుందా?"

"ఎందుకలా అడుగుతున్నావు?"

"ఉప్పు తెలీడం లేదు. వాడు వేస్తున్నాడట. నాకే... తెలీడం లేదు." కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వేళ్ళు మాత్రం పిడి మీద బిగిశాయి. "దవడ విరిస్తే అతుక్కుంటుంది. నాలుక కూడా చంపేశాడు. దానికి... దవడ ఒక్కటే తీసుకుంటే సరిపోదు."

నేను తిన్నగా కొట్లోకి వెళ్ళాను. పెద్ద కత్తి పక్కటెముకలు కొడుతున్నాడు.

"అన్నా, ఉప్పు వేస్తున్నారా లేదా?"

అతను అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు. "లేదమ్మా. ఒక్క పలుకు కూడా లేదు. కోపం దిగాలి కదా."

"దిగడం కాదు, పెరుగుతోంది. నాలుకని చంపేశారనుకుంటున్నాడు. అతని ఒళ్ళోది చూశారా?"

"రోజూ చూస్తున్నా." కత్తి పక్కన పెట్టి చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "గుద్దితే గుద్దనీ చెల్లెమ్మా, దవడ విరిస్తే విరవనీ. దానికి నేను సిద్ధంగానే ఉన్నా. నా భయమల్లా ఒక్కటే. ముందు కత్తి పక్కన పెట్టి గుద్దుతాడా, చేతిలోనే ఉంచుకుని వస్తాడా? చేతిలోనే ఉంచుకుంటే నేను పోతా, వాడు జైలుకి పోతాడు, అమ్మ ఒక్కతే మిగులుతుంది. అందుకే ఉప్పు ఆపా."

"ఉప్పుకీ కోపానికీ సంబంధం లేదన్నా. రుచి లేని తిండి బలవంతంగా తాగిస్తే సాధువుకైనా తిక్క రేగుతుంది. ఈ పూట వెయ్యండి, రుచి తెలిస్తే కొంతైనా మెత్తబడతాడు. ఒక్క చిటికెడు. మిరియం కూడా వాసనకి కొంచెం."

తల ఊపాడు. నా చిటికెడూ అతని చిటికెడూ ఒకటి కావు. మేక కాలికి ఉప్పూ కారం పట్టించే చెయ్యి అది. ఇన్నాళ్ళూ ఆపిందంతా ఒకేసారి ఇచ్చెయ్యాలనుకున్నాడో ఏమో, ఉప్పుతో ఆగలేదు. మిరియాలు, ఎండుకారం నూనెలో వేయించి దాన్నీ కలిపేశాడు. ఆ ఘాటుకి నేను వాకిట్లోనే దగ్గాను. వద్దని చెప్పేలోగా గిన్నె లోపలికి వెళ్ళిపోయింది, నేనూ వెనకే వెళ్ళాను.

చిన్న కత్తి ఒక గుక్క పీల్చాడు. ఆగాడు. కనుబొమలు పైకి లేచాయి. ఉప్పు తెలిసింది. ఇన్నాళ్ళ ఆకలి ఒక్కసారి లేచినట్టు ఇంకో గుక్క, ఇంకో గుక్క, ఊపిరి తీసుకోకుండా లాగేశాడు. అప్పుడు కారం గొంతు పట్టుకుంది. దగ్గు వచ్చింది. నోరు తెరుచుకోదు. దగ్గు లోపలే తిరిగి ముక్కులోంచి ఎర్రటి రసం కారింది. మొహం నల్లబడింది. కడుపు లోపలికి ఒకసారి పీక్కుంది, రెండోసారి పీక్కుంది. కాళ్ళతో మంచాన్ని తన్నాడు. కత్తి పట్టుకున్న చెయ్యి గాల్లో గుడ్డిగా ఊగింది.

"వాంతి! పెద్దోడా, వాంతి!" అంది వాళ్ళమ్మ.

పాప మొహాన్ని భుజానికి అదుముకుని నేను గోడకి అతుక్కుపోయాను. పెద్ద కత్తి మెళ్ళో దారం తెంపాడు. తమ్ముడి చేతిలో ఊగుతున్న కత్తి మొన అతని ముంజేతిని పొడుగునా చీరింది. అది చూసుకోలేదు. జుట్టు పట్టి తల వంచి, పెదవి పైకి లాగి, కత్తెర పెట్టాడు. టక్. రెండో పక్క. టక్. తీగ మొన చిగుళ్ళకి గుచ్చుకుని రక్తం వచ్చింది. ఇంకోటి. టక్. దవడ విడిపోయింది. లోపలున్నదంతా అన్న కాళ్ళ మీద పడింది. ఆ తర్వాత, పాత తలుపు తెరుచుకున్నట్టు, ఊపిరి లోపలికి వెళ్ళిన చప్పుడు.

వేలాడే తీగ ముక్కలతో, నెత్తుటి చొంగతో, చిన్న కత్తి లేచి నిలబడ్డాడు. కత్తి ఇంకా చేతిలోనే ఉంది. తీగ తీసిన రోజు అదే అయింది, తీసింది అన్నే. ఇద్దరికీ ఒకేసారి తట్టింది ఆ సంగతి.

పెద్ద కత్తి వెనక్కి తగ్గలేదు. కొట్లోకి నడిచి మొద్దు పక్కన నిలబడి చేతులు కిందికి వదిలేశాడు. ముంజేతి నుంచి రక్తం వేళ్ళ మీదుగా నేల మీదికి కారుతోంది. తమ్ముడు తూలుతూ వెనకే వచ్చాడు. ఎదురుగా ఆగాడు. మొన అన్న పొట్టకి తగిలేంత దగ్గరలో ఉంది.

"ఉప్పు... వేస్తున్నానన్నావు."

"వెయ్యలేదురా. అబద్ధం చెప్పా. ఇవాళే వేశా."

"నా నాలుక?"

"బాగానే ఉంది. నీ కోపం చంపుదామనుకున్నా."

"చిన్నోడా," అంది తల్లి గుమ్మంలోంచి. ఆ గొంతు నాలుగిళ్ళ అవతలికి కాదు కదా, నా దాకా కూడా సరిగ్గా రాలేదు.

టప్.

కత్తి మొద్దు మీద అడ్డంగా పడింది. ఆ చప్పుడు వినగానే పెద్ద కత్తి మొహం విప్పారింది. నవ్వుతున్నాడు. కళ్ళు మూసుకుని, దెబ్బ తీసుకోవడానికి తల కొంచెం వంచాడు. ఆ వంచడంలోనే వచ్చింది చిక్కు. దవడ కోసం బయల్దేరిన పిడికిలి నుదుటికి తగిలింది. ఎముక విరిగిన చప్పుడు మళ్ళీ వినబడింది. ఈసారి విరిగింది చిన్న కత్తి చెయ్యి. అన్న వెనక్కి పడి, కొక్కేలకు వేలాడుతున్న మాంసాన్ని పట్టుకుని, దానితో సహా నేల మీదికి వచ్చాడు. తమ్ముడు చెయ్యి పొట్టలో దాచుకుని అతని పక్కనే కూలబడ్డాడు.

"నీ తల... బండరాయా?"

"నాన్న వాయించీ వాయించీ అలా తయారైంది."

చిన్న కత్తి నవ్వబోయి దవడ పట్టుకుని అరిచాడు.

ఆస్పత్రిలో డాక్టరు తీగలు మళ్ళీ కట్టాడు, చేతికి పట్టీ వేశాడు, అన్న ముంజేతికి కుట్లు వేశాడు. "మీ ఇంట్లో విరగాల్సినవి ఇంకా ఏమన్నా మిగిలాయా?" అని అడిగితే వాళ్ళమ్మ, "నా చీపురుకట్ట ఉంది బాబూ. ఈ ఇద్దరి వీపులమీదా అదే విరుగుతుంది ఈ రాత్రికి," అందట.

మర్నాడు, పెద్ద కత్తికి వాడుకోమని ఇచ్చిన మా చిల్లుల పళ్ళెం తెచ్చుకుందామని కిందికి వెళ్ళాను. నాన్న కత్తితో వాళ్ళమ్మ బీన్స్ తరుగుతోంది. పొయ్యి మీద ఆవిరి. పెద్ద కత్తి నుదుటి మీద నిమ్మకాయంత బొడిపె. ఉడికిన ముక్కల్ని మెత్తగా తిప్పి, తమ్ముడి కళ్ళముందే ఉప్పు డబ్బా తెరిచి, అలవాటు కొద్దీ గుప్పెట నిండా తీశాడు. చిన్న కత్తి మంచి చేత్తో ఆ ముంజేతిని పట్టుకున్నాడు, ముందు రోజు కుట్లు పడిన చోటే. పెద్ద కత్తి పళ్ళు బిగబట్టాడు గానీ చెయ్యి లాక్కోలేదు. తమ్ముడు ఆ చేతిని డబ్బా మీద గట్టిగా విదిలించాడు. ఉప్పు జలజలా వెనక్కి రాలింది. వేళ్ళ మొదళ్ళలో కాస్త మిగిలాక ఆపాడు.

"చాలు," అన్నాడు పళ్ళ సందుల్లోంచి. "ముందు... నువ్వు తాగి చూపించు."